జైలు నుంచి వచ్చిన తమ్ముడు, ఎల్లా అనే అక్క

ప్రశ్న: మేడం, మాది కోస్తాలో ఒక చిన్న టౌను. మా తమ్ముడికి 31 ఏళ్ళు. దొంగతనం కేసులో మూడేళ్ళు జైల్లో ఉండి నిరుడు విడుదలయ్యాడు. నాన్న వాడు లోపల ఉండగానే పోయారు. జైలుకెళ్ళేటప్పుడు వాడికి తాగుడు, పేకాట, నోరు తెరిస్తే అబద్ధం. తిరిగొచ్చింది మాత్రం వేరే మనిషి. లోపల ఒక గురువుగారి మార్గంలో చేరాడట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకుంటాడు, మందు ముట్టడు, రాత్రి పొద్దుపోయేదాకా చదువుకుంటాడు. తన గదిలో గోడకి కళ్ళజోడు పెట్టుకున్న ఒక నల్లాయన ఫోటో అంటించాడు. ఎవర్రా అంటే, "మాల్కమ్ ఎక్స్ అక్కా, జైల్లోనే మారాడు, నేనూ అంతే" అంటాడు. సంతోషపడాలో భయపడాలో తెలియడం లేదు. అమ్మ దీపం పెడితే గదిలోంచి లేచి వెళ్ళిపోతాడు. నాన్న సంవత్సరీకం పెట్టనన్నాడు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాణ్ణి ఈ మార్గంలోకి తెచ్చిన జైలు స్నేహితుడు ఈమధ్య గురువుగారిని ఏదో అడిగాడని వాళ్ళు వెలేశారట. అతను ఫోన్ చేస్తే ఎత్తొద్దని మాకు కూడా చెప్పాడు. ఇప్పుడు ఇంటి వెనక స్థలంలో తన వాటా ఆ సంస్థ పేరున రాసిస్తానని, అమ్మని సంతకం పెట్టమని పట్టుబట్టాడు. మా ఆయన "జైలుకెళ్ళినవాడు మారడం ఏంటి, అంతా నాలుగు రోజుల నాటకం" అంటారు. రోజూ టెన్షన్‌గా ఉంది. ఇది నిజమైన మార్పేనా? మేమేం చేయాలి?
— ఒక అక్క

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మార్గం పేరు, ఊరి పేరు నేనే తీసేశాను. మీరు అడిగినదానికి ఆ పేర్లతో పని లేదు. మీకు కావలసిన జవాబు చాలావరకు ఆ గోడ మీద ఫోటోలోనే ఉంది. మీ తమ్ముడు ఆ మనిషి కథలో మొదటి సగమే పట్టుకున్నాడని నాకనిపిస్తోంది. రెండో సగం మీకు తెలిస్తే, రేపు అన్నం దగ్గర వాడితో మాట కలపడానికి ఒక దారి దొరుకుతుంది. అందుకే ముందు అతని సంగతి చెప్తాను. అతని అక్క సంగతి ఇంకా వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ ఇంట్లో మీ స్థానంలో ఉన్న మనిషి ఆవిడే.

మాల్కమ్ ఎక్స్ అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం గొంతెత్తిన నాయకుడు. అసలు పేరు మాల్కమ్ లిటిల్. 1925లో అమెరికాలోని ఒమాహాలో పుట్టాడు. తండ్రి ఎర్ల్ చర్చి బోధకుడు, నల్లవాళ్ళు తలెత్తుకు బతకాలని ఊరూరా తిరిగి చెప్పినవాడు. 1929లో లాన్సింగ్‌లో వాళ్ళ ఇల్లు తగలబడింది. 1931లో తండ్రి ట్రామ్ చక్రాల కింద నలిగి చనిపోయాడు. అధికారులు అది ప్రమాదమని తేల్చారు, తెల్లవాళ్ళే చంపారని ఇంట్లోవాళ్ళు నమ్మారు. అంతమంది పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతూ తల్లి లూయీస్ మతి చెదిరి మానసిక వైద్యశాల పాలైంది, ఇరవై ఏళ్ళకి పైగా అక్కడే ఉండిపోయింది. పిల్లలు తలో ఇంటికీ చెల్లాచెదురయ్యారు. మాల్కమ్ క్లాసులో ముందుండేవాడు. పెద్దయ్యాక లాయర్‌ని అవుతానంటే, నీలాంటి నల్లవాడికి అది కుదిరే పని కాదు, వడ్రంగం నేర్చుకో అన్నాడు మేష్టారు. ఆ మాట అతను చనిపోయేదాకా మర్చిపోలేదు.

అప్పుడు చేరదీసింది ఎల్లా. తండ్రి మొదటి భార్య కూతురు. బోస్టన్‌లో తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషి, గట్టి మనిషి. 1941లో పదిహేనేళ్ళ తమ్ముణ్ణి తన ఇంటికి తెచ్చుకుంది. మంచి స్నేహాలు చేస్తాడని, చదువుకుంటాడని ఆశపడింది. అతను డాన్సు హాల్లో బూట్లు తుడిచాడు, రైళ్ళలో పనిచేశాడు, న్యూయార్క్ హార్లెమ్ వీధులు మరిగాడు. గంజాయి అమ్మాడు, జూదమాడాడు, చివరికి ఇళ్ళకి కన్నాలు వేశాడు. 1946 జనవరిలో, దొంగిలించిన గడియారం ఒకటి బాగుచేయించడానికి నగల షాపులో ఇచ్చి, తిరిగి తీసుకోబోతే పోలీసులు పట్టుకున్నారు. అప్పటికి ఇరవై ఏళ్ళు. ఎనిమిది నుంచి పదేళ్ళ శిక్ష పడింది.

అతన్ని మొదట పెట్టిన చార్ల్స్‌టౌన్ జైలు 1805లో కట్టింది. సెల్లులో నీళ్ళు రావు, మూలకి ఒక బకెట్టు. పడుకుంటే రెండు చేతులకీ రెండు గోడలూ తగిలేంత ఇరుకు. మత్తు దొరక్క, వంటగదిలోంచి దొంగచాటుగా వచ్చే జాజికాయ పొడి అగ్గిపెట్టెల లెక్కన కొనుక్కుని నీళ్ళలో కలుపుకు తాగేవాడు. దేవుణ్ణి, బైబిల్‌ని ఎంత నీచంగా తిట్టేవాడంటే తోటి ఖైదీలు అతనికి సైతాన్ అని పేరు పెట్టారు. ఆ జైలుకి మొదట చూడటానికి వచ్చింది ఎల్లాయే. వెలిసిపోయిన ఖైదీ బట్టల్లో, నంబరు అచ్చువేసిన తమ్ముణ్ణి చూసి ఆవిడ ఒక్క క్షణం తడబడి, తమాయించుకుని, నవ్వబోయింది. ఇద్దరికీ మాటలు రాలేదు. అక్క రాకపోయినా బాగుండేది అనిపించిందని అతనే తర్వాత చెప్పుకున్నాడు. మీరు మొదటిసారి ములాఖత్‌కి వెళ్ళినప్పుడు మీ తమ్ముడి మొహం ఎలా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు మీ ఆయన అన్న నాటకం మాట దగ్గరికి వస్తాను.

మాల్కమ్‌కి తమ్ముడు రెజినాల్డ్ ఒక ఉత్తరం రాశాడు. పంది మాంసం తినకు, సిగరెట్లు మానెయ్, జైల్లోంచి బయటపడే దారి నేను చూపిస్తాను అని. ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాడు మాల్కమ్. జైలు అధికారుల కళ్ళు కప్పే ఉపాయం ఏదో తమ్ముడి చేతికి చిక్కిందనుకుని, ఆ ఆశతో సిగరెట్లు మానేశాడు. భోజనాల దగ్గర మాంసం గిన్నె తన దాకా వస్తే, నేను పంది మాంసం తినను అని పక్కకి జరిపాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తెల్లబోయారు. సాయంత్రానికి ఆ కబురు జైలంతా పాకింది. సైతాన్ పంది మాంసం తినడట! తనకి ఎందుకో లోపల గర్వంగా అనిపించిందట. చూశారా? మొదటి అడుగు పడింది తప్పించుకునే ఉపాయం మీద ఆశతోనే. కానీ ఆ అడుగు వేసిన కాలు మళ్ళీ వెనక్కి రాలేదు. అందుకని మీ ఆయనగారితో ఇలా అనండి: మొదట్లో నాటకమే అయినా కావచ్చు, ఏడాదిగా తెల్లవారుజామున నాలుగింటికి లేస్తున్నాడంటే దాన్ని నాటకం అనలేం.

రెజినాల్డ్ చూపించిన దారి నేషన్ ఆఫ్ ఇస్లాం అనే సంస్థ. దానికి పెద్ద ఎలైజా ముహమ్మద్. నల్లవాళ్ళే అసలైన జాతి, తెల్లవాళ్ళు పుట్టుకతోనే సైతాన్లు అన్నది అక్కడి బోధ. ఆ బోధ తప్పు, ప్రపంచంలోని మిగతా ముస్లింలు నమ్మే ఇస్లాంకి చాలా దూరం. కానీ కాలిన ఇల్లు, చచ్చిన తండ్రి, మతి తప్పిన తల్లి, వడ్రంగం నేర్చుకోమన్న మేష్టారు, ఇవన్నీ గుండెలో మోస్తూ సెల్లులో పడుకున్న కుర్రాడికి అది ఒక్క దెబ్బకి అన్నిటికీ సమాధానంలా తోచింది. గాయం నిజం కాబట్టి మందు కూడా నిజమే అనుకున్నాడు. మీ తమ్ముడికి ఆ గురువుగారి మాట ఎందుకంత పట్టుకుందో తెలియాలంటే, ఆ మాట వాడిలో ఏ గాయం మీద పడిందో మీరు ఆలోచించాలి.

మోకాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ప్రార్థన చేయాలంటే మోకరిల్లాలి. మాల్కమ్‌కి అది చేతకాలేదు. తాళాలు తీసి ఇళ్ళలో దూరడానికి తప్ప ఆ మోకాళ్ళు ఎప్పుడూ వంగలేదు. సిగ్గుతో ఒళ్ళు బిగుసుకుపోయేది, వంగి మళ్ళీ లేచేసేవాడు. ఆ రెండు కాళ్ళూ వంచడానికి వారం రోజులు పట్టింది. తన జీవితంలో అంతకన్నా కష్టమైన పరీక్ష లేదన్నాడు. మీ తమ్ముడు మొదటిసారి ప్రార్థనకి కూర్చున్న రోజు గురించి వాణ్ణి ఎప్పుడైనా అడిగారా? అడగండి. వాదనకి కాదు, వినడానికి.

ఇక చదువు. చార్ల్స్‌టౌన్‌లో బింబీ అని ఒక పాత దొంగ ఉండేవాడు. చేయి ఎత్తకుండా, గొంతు పెంచకుండా, ఒక్క మాటతో అందరినీ నిలబెట్టేవాడు. నీకు బుర్ర ఉంది, వాడుకో అని మాల్కమ్‌తో అన్నది అతనే. 1948లో నార్ఫోక్ జైలుకి మార్చారు. అక్కడ పెద్ద లైబ్రరీ, బయటి యూనివర్సిటీల నుంచి వచ్చి పాఠాలు చెప్పే మాష్టార్లు. ఆ బదిలీ దానంతట అది రాలేదు. ఎల్లా తిరిగిన చోటే తిరిగి, అడిగినవాళ్ళనే అడిగి సాధించింది. తమ్ముడి మతం ఆవిడకి అప్పటికి ఏమీ నచ్చలేదు. అయినా తమ్ముడికి పుస్తకాలున్న జైలు కావాలని మాత్రం పట్టు వదల్లేదు. మీరు ఆవిడ దగ్గర నేర్చుకోవలసినది నాకు ఇక్కడే కనిపిస్తోంది.

ఎలైజా ముహమ్మద్‌కి ఉత్తరం రాయబోతే మాల్కమ్‌కి వాక్యం కుదరలేదు. వీధి భాష వచ్చు, రాత రాదు. ఒక్క పేజీని ఇరవై అయిదుసార్లు తిరగరాశాడట. అప్పుడు ఒక డిక్షనరీ, కొన్ని రాత పుస్తకాలు, పెన్సిళ్ళు అడిగి తెచ్చుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదటి పేజీ నుంచే ఎక్కించడం మొదలుపెట్టాడు. చుక్కలు, కామాలతో సహా. గుండ్రంగా కుదరని చేతిరాతతో ఆ ఒక్క పేజీకి ఒక రోజంతా పట్టింది. రాసినదంతా గట్టిగా తనకి తానే చదువుకున్నాడు. మర్నాడు లేచి చూస్తే, ఇన్ని మాటలు లోకంలో ఉన్నాయా అని ఆశ్చర్యం. ఆ మొదటి పేజీలో ఆర్డ్‌వార్క్ అనే ఆఫ్రికా జంతువు బొమ్మ ఉంది, పొడుగాటి చెవులతో, చెదలు తిని బతికేది. అది అతనికి ఎప్పటికీ గుర్తుండిపోయింది. అలా ఒక్కో పేజీ, మొత్తం డిక్షనరీ ఎక్కించాడు.

రాత్రి పదింటికి లైట్లు ఆర్పేసేవారు. తలుపు బయట వరండా దీపం వెలుగు కొంచెం గదిలోకి పడేది. నేల మీద ఆ వెలుగులో కూర్చుని చదివేవాడు. కాపలావాడి అడుగుల చప్పుడు వినగానే మంచం మీదకి దూకి నిద్ర నటించడం, వాడు దాటగానే మళ్ళీ నేల మీదకి. తెల్లవారుజామున మూడు, నాలుగింటి దాకా అదే పని. చూపు దెబ్బతిని కళ్ళజోడు వచ్చింది అలాగే. మీ తమ్ముడి గోడ మీద మీరు చూస్తున్న కళ్ళజోడు అక్కడ మొదలైంది. 1952 ఆగస్టులో పెరోల్ మీద బయటికి వచ్చి అతను మొదట కొన్నవి మూడు: చక్కటి కళ్ళజోడు ఒకటి, ఒక సూట్‌కేసు, ఒక చేతి గడియారం. దొంగ గడియారంతో లోపలికి వెళ్ళినవాడు బయటికొచ్చి గడియారం కొనుక్కున్నాడు.

మీ తమ్ముడు చదివింది ఇంతవరకే అయి ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ చిన్నప్పుడు ఇక్కడే ఆగిపోయాను. ఇప్పుడు మిగతాది వినండి.

మాల్కమ్ ఇంకా జైల్లో ఉండగానే, అతన్ని ఈ దారికి తెచ్చిన రెజినాల్డ్‌ని సంస్థ వెలివేసింది. సంస్థలోని ఒక ఆవిడతో సంబంధం పెట్టుకున్నాడని నింద. మాల్కమ్ తమ్ముడి తరఫున బతిమాలుతూ ఎలైజా ముహమ్మద్‌కి ఉత్తరం రాశాడు. అనుమానించే నీ నమ్మకంలోనే లోపముంది అన్న అర్థం వచ్చేలా అక్కణ్ణించి జవాబొచ్చింది. అంతే. మాల్కమ్ తన తమ్ముణ్ణి వదిలేశాడు. వెలివేశాక రెజినాల్డ్ మనసు చెదిరిపోయింది, చివరికి అతనూ తల్లిలాగే వైద్యశాల పాలయ్యాడు. అది దేవుడు వేసిన శిక్ష అని మాల్కమ్ నమ్మాడు. చీకటి సెల్లులోకి మొదటి వెలుగు తెచ్చి ఇచ్చిన తమ్ముడి గురించి! నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. గంజాయి అమ్మిన రోజుల కన్నా ఇదే ఎక్కువ బాధ.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం కూడా ఆ జైలు స్నేహితుడిదే. సంవత్సరీకం సంగతి తర్వాత చూద్దాం. ఫోన్ ఎత్తొద్దు అన్న మాట మాత్రం ప్రమాదం. నమ్మకం మనిషిని తాగుడు మానిపిస్తే మంచిదే. మనిషిని మనిషికి దూరం చేయమంటే, అక్కడ ఆగి ఆలోచించాలి.

తర్వాత పదకొండేళ్ళు మాల్కమ్ ఆ సంస్థకి ఊపిరి పోశాడు. 1954 నుంచి హార్లెమ్ మందిరానికి బోధకుడు. అమెరికా అంతా అతని గొంతు వింది. చివరికి తెలిసిందేంటంటే, ఎలైజా ముహమ్మదే తన దగ్గర పనిచేసే అమ్మాయిలతో పిల్లల్ని కన్నాడని. రెజినాల్డ్‌ని వెలేసింది దేనికో గుర్తుంది కదా. 1964 మార్చిలో మాల్కమ్ సంస్థ వదిలేశాడు. అప్పుడు అతని సొంత అన్న ఫిల్బర్ట్, సంస్థలోనే ఉండిపోయి, విలేఖర్ల ముందు నిలబడి తమ్ముణ్ణి తప్పుబడుతూ ప్రకటన చదివాడు. తను రెజినాల్డ్‌కి చేసింది తన తోబుట్టువే తనకి చేశాడు.

ఇల్లు సంగతి మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి. మాల్కమ్ కుటుంబం ఉంటున్న న్యూయార్క్ ఇల్లు సంస్థ పేరున ఉంది. అన్నేళ్ళు పనిచేసి తన పేరున ఏమీ ఉంచుకోలేదు. సంస్థ వదలగానే ఇల్లు ఖాళీ చేయమని కోర్టుకెక్కారు. గర్భవతి అయిన భార్య, నలుగురు ఆడపిల్లలు ఆ ఇంట్లో నిద్రపోతుండగా 1965 ఫిబ్రవరి 14న ఎవరో పెట్రోలు బాంబులు వేశారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు, అర్ధరాత్రి చలిలో, కట్టుబట్టలతో. మీ ఇంటి వెనక స్థలం కాగితాల మీద సంతకం పెట్టేముందు మీ తమ్ముడు ఈ ముక్క చదవాలి. తను ఫోటో పెట్టుకున్న మనిషికే ఇలా జరిగింది.

ఇప్పుడు మళ్ళీ ఎల్లా దగ్గరికి. సంస్థ వదిలేసి, చేతిలో డబ్బు లేక, లోపల అంతా ఖాళీ అయిపోయిన మాల్కమ్ బోస్టన్‌కి అక్క ఇంటికి వెళ్ళాడు. హజ్‌కి వెళ్ళాలనుందక్కా అన్నాడు. ఎంత కావాలి అని అడిగింది ఆవిడ. ఆవిడ కూడా ఈలోపు ఆ సంస్థలో చేరి, నచ్చక బయటికి వచ్చేసి ఉంది. తను హజ్‌కి వెళ్దామని దాచుకున్న డబ్బు అది. నాకన్నా నువ్వు వెళ్ళడమే ముఖ్యం అని తమ్ముడి చేతిలో పెట్టింది. నేను చెప్పినప్పుడు వినలేదేం అని ఎత్తిపొడిచినట్టు ఎక్కడా లేదు.

1964 ఏప్రిల్‌లో జెడ్డా విమానాశ్రయంలో అతన్ని ఆపేశారు. అమెరికా పాస్‌పోర్టు చూసి, నిజంగా ముస్లిమేనా అని అనుమానం. యాత్రికులుండే గదుల్లో ఉంచారు. అక్కడ తెలిసిన సంగతి అతన్ని సిగ్గుతో కుంగదీసింది: అన్నేళ్ళు ముస్లిం బోధకుడిగా ఉండి కూడా అతనికి నమాజు చేయడం రాదు. అరబ్బీ మాటలు రావు, కూర్చునే తీరు రాదు. భాష తెలియని ఒక మనిషి సైగలతో నేర్పించాడు. ఆ భంగిమలో కూర్చుంటే చీలమండలు వాచిపోయాయి. జైల్లో మోకాళ్ళు వంచడానికి వారం పట్టినవాడు, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ప్రపంచానికంతా తెలిసిన పేరుతో, మళ్ళీ ఒకటో తరగతి పిల్లాడిలా నేల మీద కూర్చుని నేర్చుకున్నాడు. నాకు డిక్షనరీ కన్నా ఈ వాచిన కాళ్ళే ఎక్కువ గొప్పగా కనిపిస్తాయి. జైల్లో ఉన్నవాడికి పోయేదేమీ లేదు, మారడం ఒక రకంగా సులువు. పేరు, మనుషులు, పదవి, అప్పటిదాకా వేల మంది ముందు చెప్పిన మాటలు, ఇన్ని పోగొట్టుకోవలసి ఉండగా మారడం మామూలు విషయం కాదు.

మక్కాలో నీలికళ్ళ తెల్లవాళ్ళతో ఒకే పళ్ళెంలో తిన్నాడు, ఒకే గ్లాసులో తాగాడు, ఒకే చాప మీద పడుకున్నాడు. అదంతా ఉత్తరాలుగా రాసి పంపాడు. తెల్లవాళ్ళంతా సైతాన్లు అన్న మాట ఇక అననన్నాడు. అమెరికాలో జరుగుతున్న అన్యాయం మీద కోపం మాత్రం తగ్గలేదు, తగ్గాల్సిన పని కూడా లేదు. 1965 ఫిబ్రవరి మొదట్లో, ఓటు హక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్ జైల్లో ఉండగా, మాల్కమ్ ఆ పోరాటం జరుగుతున్న సెల్మా ఊరికి వెళ్ళి మాట్లాడాడు. మీ భర్తకి అడ్డు రావడానికి రాలేదు, సాయం చేద్దామనే వచ్చాను అని కింగ్ భార్య కొరెట్టాతో చెప్పాడు. ఒకప్పుడు కింగ్‌ని నోటికొచ్చినట్టు వెక్కిరించినవాడే. ఇంకో సంగతి కూడా అతన్ని వెంటాడింది. ఒకసారి ఒక తెల్ల కాలేజీ అమ్మాయి వెతుక్కుంటూ వచ్చి, నేనేం చేయగలను అని అడిగితే, ఏమీ చేయలేవు అని పంపేశాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా బాధపడ్డాడు. వెతికి పట్టుకుని వేరే జవాబు చెప్పడానికి ఆమె పేరైనా తెలియదు.

ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో సభలో కాల్చి చంపారు. 39 ఏళ్ళు.

అందుకని, ఇది నిజమైన మార్పేనా అని మీరడిగారే, అవును, నిజమే. అయితే ఇది మొదటి మార్పు. మీ ఇంట్లో అందరూ దీన్నే చివరిదనుకుని భయపడుతున్నారు. వాడూ దీన్నే చివరిదనుకుని గర్వపడుతున్నాడు. రెండో మార్పు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. వస్తే మాత్రం, ఆ రోజు వాడు వచ్చి నిలబడటానికి ఒక గుమ్మం తెరిచి ఉండాలి. మాల్కమ్‌కి ఎల్లా గుమ్మం ఉంది. రెజినాల్డ్‌కి ఆ రోజు ఎవరి గుమ్మమూ లేకపోయింది.

ఇక మీరు చేయాల్సినవి. స్థలం సంగతి ముందు. అమ్మగారు ఇప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. కోపంతో కాదు, మెత్తగా చెప్పండి: "నీ వాటా నీదేరా, ఎవరూ తీసుకోరు. కానీ రెండేళ్ళు ఆగుదాం." దానంగా రాసి రిజిస్టర్ చేసిన ఆస్తిని మళ్ళీ వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. నాన్నగారి తర్వాత ఎవరికెంత వస్తుందో మీ ఊళ్ళో ఒక వకీలుని కలిసి తెలుసుకోండి, తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్ళండి. వాడి వెనకాల చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. రెండేళ్ళు ఆగమంటే ఆ సంస్థవాళ్ళు ఏమంటారో చూడండి. ఆగగలిగినవాళ్ళయితే ఆగుతారు.

అమ్మ దీపం దగ్గర వాడు లేచి వెళ్ళిపోతే పోనివ్వండి. వెళ్ళడం వేరు, ఎగతాళి చేయడం వేరు. ఎగతాళి చేస్తే మాత్రం ఊరుకోకండి. "నీ నాలుగింటి ప్రార్థనకి మేమెవరం అడ్డు రాలేదు, అమ్మ దీపానికి నువ్వు అడ్డు రాకు" అని ఒక్కసారి, అందరి ముందు కాకుండా, సూటిగా చెప్పండి. అక్క చెప్తే పడే మాట అది.

ఆ స్నేహితుడు ఫోన్ చేస్తే మీరు ఎత్తండి. గురువుగారి గురించి కూపీ లాగడానికి కాదు. ఎలా ఉన్నావు బాబూ, పని దొరికిందా, అన్నం తిన్నావా అని అడగండి. జైల్లో మీ తమ్ముడు చీకట్లో ఉన్నప్పుడు చెయ్యి పట్టుకున్నవాడు అతను. ఫోన్ ఎత్తానని తమ్ముడికి దాచకుండా చెప్పండి. కోప్పడతాడు. పడనివ్వండి.

పుస్తకాలు మాత్రం ఆపకండి. లైబ్రరీకి మెంబర్‌షిప్ కట్టండి. ఒక్క గురువుగారి పుస్తకాలే కాకుండా నాలుగు రకాలు చేతికందేలా చూడండి. మాల్కమ్ ఆత్మకథ వాడి దగ్గర ఉంటే, మక్కా భాగం మీకు చదివి వినిపించమని అడగండి. వాడి గొంతుతో వాడే చదవాలి. మీరు మధ్యలో ఏమీ అనకండి.

సంవత్సరీకం గురించి నాకు వేరే అనుమానం ఉంది. నాన్నగారు పోయినప్పుడు వాణ్ణి జైలు నుంచి పంపారో లేదో మీరు రాయలేదు. కొరివి పెట్టలేకపోయిన కొడుకు ఇప్పుడు సంవత్సరీకం పెట్టనంటే, దానికి గురువుగారి మాట ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఆ రోజు ఎందుకు రాలేకపోయానో అన్నది గొంతులో ఉండిపోయి, పైకి మతం మాటగా వస్తున్నదేమో. ఈసారికి మీ బాబాయిగారో, దగ్గరివాళ్ళెవరో పెడతారు, అడిగి చూడండి. తమ్ముణ్ణి బలవంతపెట్టకండి, వదిలేయకండి కూడా. ఆ రోజు తెల్లవారుజామున వాడి ప్రార్థన అయ్యాక, అమ్మని మార్కెట్‌కి తీసుకెళ్ళమని అడగండి. నాన్నగారికి ఇష్టమైన కూరగాయలేవో అమ్మ చెప్తుంది, సంచి వాడు పట్టుకుంటాడు. వచ్చేటప్పుడు దారిలో ఏం మాట్లాడుకున్నారో అమ్మగారిని అడిగి నాకు రాయండి.